కోళ్ల గూటికి జాజు పూత

ప్రశ్న: అక్కా, మా పెరట్లో ఆరు రాజశ్రీ రకం కోడిపెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. మా ఆయన ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పుతో రేకు కప్పిన గూడు కట్టించారు. గట్టిగానే ఉంది కానీ, చూస్తే పాత సామాను పడేసే కొట్టంలా ఉంటుంది. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి దాన్ని అందంగా చేస్తానంటోంది. ఇల్లు కట్టినప్పుడు గేటుకు వేయగా మిగిలిన నీలం పెయింట్ డబ్బా ఉంది. థర్మాకోల్ పూలు అతికించి, సీరియల్ లైట్లు కడుతుందట. మా ఆయనేమో “కోళ్లకెందుకే ఈ సింగారం” అంటున్నారు. మీరేమంటారు?
– ఒక సోదరి, కరీంనగర్ జిల్లా

జవాబు: చెల్లీ, మీ అమ్మాయిని చేయనివ్వండి. గూడు ముచ్చటగా ఉంటే ఇంట్లోవాళ్లు రోజుకు రెండుసార్లు అటు వెళ్తారు. వెళ్తే నీళ్లు అయిపోయిన సంగతి, ఒక పెట్ట ముడుచుకుని కూర్చున్న సంగతి వెంటనే కళ్లబడుతుంది. నేను ఇరవై ఏళ్లుగా కోళ్లను పెంచుతున్నాను. ఎవరూ తొంగిచూడని గూట్లోనే జబ్బులు ముదరడం చూశాను.

థర్మాకోల్ మాత్రం వద్దు. ఈ తప్పు నేనే చేశాను. ఒక ఎండాకాలం రేకు వేడి దిగకుండా లోపలివైపు థర్మాకోల్ షీట్లు కొట్టించాను. కర్ర మీద కూర్చున్న కోళ్లకు అది సరిగ్గా ముక్కుకు అందే ఎత్తులో ఉంది. వారం తిరిగేసరికి షీటంతా బొక్కలే. గింజల్లా తెల్లగా కనిపించేసరికి మేత కంటే ఇష్టంగా పొడిచి తినేశాయి. ఒక పెట్టకు మేతసంచి గట్టిపడి, మూడు రోజులు గింజ ముట్టలేదు. అది బతికేదాకా నాకు అన్నం సహించలేదు. మెరుపు కాగితాలు, స్టేప్లర్ పిన్నులు, సన్న తీగ ముక్కలు కూడా అంతే. కింద పడితే కోడి నోట్లోకే.

ఆ పాత పెయింట్ డబ్బా కూడా పక్కన పెట్టండి. 2017 నవంబర్ నుంచి మన దేశంలో ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదని నియమం అమల్లోకి వచ్చింది. అంతకుముందు కొన్న డబ్బాలో ఎంత ఉందో చెప్పలేం. కోడి ఊరుకోదు కదా, పొరలు లేచిన చోటల్లా పొడుస్తుంది.

రంగుకు మన దగ్గర జాజు, సున్నం ఉండనే ఉన్నాయి. గడపకు, అరుగుకు పూసే ఆ ఎర్రటి జాజునే నీళ్లలో కలిపి గూటి బయట కింది భాగానికి గుడ్డతో పూయండి. అది ఆరాక పైన సున్నంతో చుక్కలు, తీగలు, నెమళ్లు, మీ అమ్మాయికి ఏది చేతనైతే అది వేయనివ్వండి. మా మనవరాలు వేసిన కోడిపిల్లల వరుస వాన పడ్డప్పుడల్లా సగం చెరిగిపోతుంది. మళ్లీ వేస్తుంది. నాకు అదే బాగుంటుంది.

లోపల గోడలకు మాత్రం ఉత్త సున్నం కొట్టండి. రాత్రంతా నానబెట్టి, గుప్పెడు ఉప్పు వేసి కలిపితే బాగా పట్టుకుంటుంది. తెల్లగా ఉండి లోపల వెలుతురు పెరగడం ఒక లాభం. అసలు లాభం వేరే ఉంది. కోళ్లు రాత్రి కూర్చునే కర్ర గోడకు ఆనే చోట, చెక్కల సందుల్లో సన్నటి ఎర్ర పురుగులు పగలు దాక్కుని, రాత్రి బయటికొచ్చి రక్తం పీలుస్తాయి. వాటిని తగ్గించాలంటే బ్రష్‌ను ఆ సందుల్లోకి గుచ్చి గుచ్చి సున్నం పూయాలి. చేతికి, కంటికి సున్నం తగలకుండా చూసుకోండి, పూర్తిగా ఆరేవరకు కోళ్లను లోపలికి వదలకండి. నేను వానలకు ముందు ఒకసారి, సంక్రాంతికి ముందు ఒకసారి కొడతాను.

ఇక ఆ రేకు. కరీంనగర్ ఎండలకు రేకు కింద కోళ్లు నోళ్లు తెరిచి రొప్పుతుంటాయి. జనవరిలో గూటి పక్కన రెండు సొరగింజలు పెట్టి, పైకి తాడు కట్టండి. ఎండలు ముదిరేనాటికి కప్పు మీద ఆకుల పందిరి, తెల్లటి పూలు, మీకు కూర. ఇంతకంటే మంచి అలంకరణ నాకు తెలియదు. కాకపోతే మొక్క లేతగా ఉన్నప్పుడు చుట్టూ మోకాలెత్తు ముళ్లకంప పెట్టకపోతే కోళ్లు ఒక్క ఆకు మిగల్చవు. తీగను కప్పు మీదికే పాకించండి. గోడ పైన గాలి కోసం వదిలిన జాలీని మాత్రం కమ్మేయనివ్వకండి.

గుడ్లు పెట్టే చోటుకు పాత చీరతో తెరలు కుట్టండి. పెట్టకు ఆ సమయంలో చీకటి, చాటు కావాలి. మా గూటికి మా అత్తమ్మ పాత పోచంపల్లి చీర ముక్కలు వేలాడుతుంటాయి. అంచులు మడిచి గట్టిగా కుట్టాలి, లేకపోతే దారాలు ఊడి కాళ్లకు చుట్టుకుంటాయి. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న రెండు గదులు మీ ఆరు పెట్టలకు సరిపోతాయి. లోపల వరిగడ్డి వేయండి.

పిచ్చుకల కోసం చూరుకు కడతామే, ఆ వరికంకుల కుచ్చులు గుర్తున్నాయా? థర్మాకోల్ పూల బదులు అవి కట్టమనండి. కోడి కాస్త ఎగిరితే అందే ఎత్తులో, నూలు తాడుతో. జొన్న కంకులైనా సరే. వాన రోజుల్లో బయటికి వదల్లేనప్పుడు ఒకదాన్నొకటి పొడుచుకోకుండా వాటికి అదొక పని.

ప్రశ్న: కోళ్లు తిరిగే చోట ఏ పూల మొక్కలు పెట్టొచ్చు?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: బంతి, మందారం పెట్టండి. నిమ్మగడ్డి కూడా బాగుంటుంది, కోళ్లు దాని జోలికి పెద్దగా పోవు. గన్నేరు, ఉమ్మెత్త, ఆముదం మాత్రం ఆ ఛాయల్లో ఉండకూడదు, మూడూ విషమే. స్థలముంటే ఒక మునగ కొమ్మ పాతండి. నీడా ఇస్తుంది, ఆకు కోళ్లకు మంచి మేత.

చెల్లీ, మీ సీరియల్ లైట్ల మాట మరిచాను. గుడ్ల ఫారాల్లో రోజుకు 16 గంటలు వెలుతురు ఉండేలా లైట్లు వేస్తారు, నిజమే. కానీ అది రోజూ ఒకే టైముకు వెలిగి ఆరే లైటు, మిణుకుమిణుకుమనేది కాదు. పొద్దుగూకి కర్రెక్కిన కోడికి చీకటి కావాలి. పండగ రోజు అమ్మాయి ముచ్చట పడితే, గూటికి దూరంగా వాకిట్లో కట్టుకోమనండి. గూటి తలుపుకు మాత్రం మంచి గొళ్లెం వేయించండి, ముంగిస పట్టపగలే వస్తుంది.