ఇన్‌బిల్ట్ నావిగేషన్‌కి డబ్బు పెట్టొద్దు, మంచి స్క్రీన్ ఉంటే చాలు

మీరు అడిగింది ఇదీ: కొత్త కారు బుక్ చేయబోతున్నారు, కంపెనీ నావిగేషన్ ఉన్న టాప్ వేరియంట్‌కీ దాని కింది వేరియంట్‌కీ లక్షన్నర దాకా తేడా వస్తోంది, ఆ డబ్బు పెట్టొచ్చా అని. "ఫ్యామిలీతో దూరాలు వెళ్తారు కదా సార్, ఇది ఉంటే టెన్షన్ ఉండదు" అని షోరూమ్ అతను చెప్పాడని కూడా రాశారు.

పెట్టొద్దు. కారులో మంచి టచ్ స్క్రీన్ ఉండాలి, దానికి ఫోన్‌లోని మ్యాప్‌ని కారు స్క్రీన్ మీద చూపించే ఆండ్రాయిడ్ ఆటో, యాపిల్ కార్‌ప్లే రెండూ ఉండాలి. వాటి కోసం ఎంత అవసరమైతే అంత పెట్టండి. ఆ స్క్రీన్‌లో కంపెనీ వేసిచ్చే మ్యాప్‌కి మాత్రం రూపాయి పెట్టినా దండగే. ఈ విషయంలో నాకు అనుమానమే లేదు.

మా బావ కారులో ఈ నావిగేషన్ ఉంది. ఏ కంపెనీ కారో చెప్పను. మా మేనల్లుడికి అంతర్వేదిలో పుట్టువెంట్రుకలు తీయించాలని అక్క మొక్కుకుంది. నేనూ వాళ్ళతో వెళ్ళాను. హైదరాబాద్‌లో పొద్దున్నే బయల్దేరాల్సిన వాళ్ళం, బావకి ఆఫీసు పని తగిలి మధ్యాహ్నం అయింది. విజయవాడ దాటేసరికి పొద్దుగూకింది. భీమవరం, పాలకొల్లు దాటి నరసాపురం వైపు పోతున్నాం. అక్క ఫోన్‌లో పిల్లాడు రైమ్స్ చూసి చూసి నిద్రపోయాడు. నా ఫోన్‌లో దారి పెట్టమంటారా అని అడిగితే, "కారులోనే ఉండగా ఫోన్ ఎందుకురా" అన్నాడు బావ. అంత డబ్బు పోసి కొన్న మనిషి కదా, ఆ మాట న్యాయమే.

నరసాపురం ఊళ్ళోకి వచ్చాక కూడా కారు నావిగేషన్ గొంతు ఇంగ్లీషులో నేరుగా వెళ్ళమంటూనే ఉంది. బజారు దాటాం, ఇళ్ళు పలచబడ్డాయి, దీపాలు తగ్గాయి. చివరికి కారు హెడ్‌లైట్లు నీళ్ళ మీద పడ్డాయి. ఎదురుగా వశిష్ఠ గోదావరి. అవతలి గట్టున సఖినేటిపల్లి రేవు దీపాలు కనిపిస్తున్నాయి. స్క్రీన్ మీద గీత మాత్రం ఎక్కడా ఆగకుండా నది దాటి అవతలికి వెళ్ళిపోయింది. మామూలు రోడ్డుకి ఏ రంగు ఉందో దానికీ అదే రంగు. అరగంటలోపే అంతర్వేది చేరతారని కింద రాసి ఉంది.

అక్కడ పంటు అనే పెద్ద పడవ నడుస్తుంది. పగలు మనుషుల్ని, బైకుల్ని, కార్లని కూడా దాటిస్తుంది. రాత్రి ఆపేస్తారు, గోదావరికి వరద వస్తే ఆపేస్తారు. ఆ ప్రాంతం వాళ్ళకి ఇది చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి. కారులో ఉన్న మ్యాప్‌కి వేళా తెలియదు, కాలమూ తెలియదు.

రేవు దగ్గర కొట్టు కట్టేస్తున్న పెద్దాయన ఒకాయన కారు దగ్గరికి వచ్చి, "పంటు ఆపేశారండి, మళ్ళీ పొద్దున్నే. మీరు వెనక్కెళ్ళి పాలకొల్లు వైపు నుంచి చించినాడ వంతెన ఎక్కేయండి. ఇలా వచ్చేసే కార్లు చాలానే ఉంటాయండి" అన్నాడు. కూర్చుని టీ తాగి వెళ్ళమన్నాడు కూడా. గోదావరి జిల్లాల మర్యాద గురించి నేను కొత్తగా చెప్పేదేముంది.

బావ కారు తిప్పాడు. అసలు గొడవ అక్కడ మొదలైంది. మేము వెనక్కి వెళ్తున్న కొద్దీ అది మళ్ళీ మళ్ళీ యూ టర్న్ తీసుకోమంటుంది, రేవుకే రమ్మంటుంది. పడవ దారులు వద్దని చెప్పే ఆప్షన్ ఎక్కడో మెనూల అడుగున ఉంది. కారు కదులుతుంటే ఆ మెనూ తెరుచుకోదు, భద్రత కోసమట. రోడ్డు పక్కన ఆపి, అద్దం దించితే దోమలు, దించకపోతే ఉక్క, ఆ స్థితిలో బావ ఒక్కో మెనూ తెరిచి చూస్తుంటే అక్క, "ఏవండీ, ముందు దాని నోరు మూయించండి, పిల్లాడు లేస్తున్నాడు" అంది. నేను ఫోన్ తీశాను. నిజం చెప్పాలంటే ఫోన్ కూడా మొదట పంటు దారే చూపించింది. కాకపోతే మధ్యలో ఫెర్రీ ఉందని రాసి ఉంది, అది వద్దని పెట్టగానే 216 జాతీయ రహదారి మీద చించినాడ వంతెన దారి, ఎంతసేపు పడుతుందో లెక్కతో సహా వచ్చేసింది. అదీ తెలుగు గొంతుతో. దిండి, మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా సత్రం చేరేసరికి అర్ధరాత్రి కావొచ్చింది. పాలకొల్లు దగ్గరే చించినాడ వైపు తిరిగి ఉంటే ఎప్పుడో భోంచేసి పడుకునేవాళ్ళం. తెల్లవారి దర్శనం, పుట్టువెంట్రుకలు అన్నీ చక్కగా జరిగాయి.

తర్వాత సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు బావ ఈ సంగతి అడిగాడు. "కొత్త మ్యాప్ వచ్చింది సార్, మీకు ఫ్రీ పీరియడ్ అయిపోయింది, డబ్బు కట్టాలి" అన్నారు. అంత డబ్బు పోసి కొన్నవాడిని మళ్ళీ డబ్బు అడగడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మన దగ్గర మ్యాప్ పాతబడటం అంటే ఏమిటో ఆలోచించండి. 2016 అక్టోబర్‌లో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రలో 13 జిల్లాలు 26 అయ్యాయి. విజయవాడలో కనకదుర్గ ఫ్లైఓవర్ 2020లో, హైదరాబాద్‌లో బాలానగర్ ఫ్లైఓవర్ 2021లో తెరిచారు. కారు మనం పదేళ్ళు, పన్నెండేళ్ళు వాడతాం. ఇంత వేగంగా మారే చోట డబ్బు కడితే తప్ప మారని మ్యాప్, పాత పంచాంగం లాంటిది.

ఇంకో సంగతి షోరూమ్‌లో చెప్పరు. మన దేశంలో చాలా కార్ల ఇన్‌బిల్ట్ నావిగేషన్‌లో ఉండేది మ్యాప్‌మైఇండియా మ్యాపే. 1995లో మొదలైన మన కంపెనీ, వాళ్ళ మ్యాపుల మీద నాకు గౌరవమే. వాళ్ళదే మ్యాపుల్స్ అనే యాప్ ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంది, స్పీడ్ బ్రేకర్లు, గుంతలు కూడా ముందే చెబుతుంది. ఊరికే వచ్చేదానికి లక్షన్నర ఎందుకు కట్టాలి?

నిజానికి ఆ లక్షన్నర నావిగేషన్ ఒక్కదానిదీ కాదు. దాన్ని విడిగా అమ్మరు. సన్‌రూఫ్, పెద్ద చక్రాలు, సీట్ల మీద తోలు లాంటి కవర్లు, అన్నీ కలిపి ఒక వేరియంట్‌గా కట్టి పెడతారు. మన ఎండల్లో సన్‌రూఫ్ ఎవరు అడిగారండీ? పిల్లలు తల బయటపెట్టి నిలబడటానికి తప్ప దానితో జరిగే పని నాకు కనబడదు, అది ప్రమాదం కూడా. పైగా ఎక్స్ షోరూమ్ ధర పెరిగితే లైఫ్ ట్యాక్స్ పెరుగుతుంది, ఇన్సూరెన్స్ పెరుగుతుంది. బ్రోచర్‌లో తేడా చూసి నిర్ణయించుకోకండి, రెండు వేరియంట్ల ఆన్ రోడ్ ధరలు పక్కపక్కన రాయించుకుని చూడండి.

అడవిలో సిగ్నల్ ఉండదు కదా, అప్పుడు ఫోన్ ఏం చేస్తుంది అని చాలామంది అడుగుతారు. జీపీఎస్‌కి మొబైల్ సిగ్నల్‌తో పనిలేదు. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సంకేతాలు ఫోన్ నేరుగా అందుకుంటుంది. సిగ్నల్ కావాల్సింది మ్యాప్ బొమ్మ దిగడానికి మాత్రమే. బయల్దేరే ముందు రాత్రి ఇంట్లో వైఫైలో ఆ ప్రాంతం మ్యాప్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే నల్లమలలోనైనా, మారేడుమిల్లి ఘాట్ రోడ్డులోనైనా ఫోన్ దారి చూపిస్తుంది. ట్రాఫిక్ సంగతి ఒక్కటే తెలియదు, ఆ అడవిలో ట్రాఫిక్ ఎటూ ఉండదు. మీరు శ్రీశైలం వెళ్ళేవాళ్ళయితే ఇది గుర్తుపెట్టుకోండి: మన్ననూరు దగ్గర అటవీ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. దారి ఎవరు చూపించినా ఆ గేటు వేళ మనం తెలుసుకునే వెళ్ళాలి.

ట్రాఫిక్ అంటే సంక్రాంతి. పండక్కి హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు వెళ్ళినవాళ్ళకి పంతంగి టోల్‌గేటు దగ్గర ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గుంటూరు వైపు వెళ్ళేవాళ్ళు సాగర్ రోడ్డు పట్టాలా, నార్కట్‌పల్లి దాకా వెళ్ళి నల్గొండ, మిర్యాలగూడ మీదుగా పోవాలా అన్నది ఆ గంటలో రోడ్డు ఎలా ఉందన్న దాన్నిబట్టి ఉంటుంది. ముందున్న వందల కార్ల ఫోన్లు చెప్పే సమాచారం లేకుండా ఆ నిర్ణయం ఎవరూ తీసుకోలేరు. సిమ్ లేని ఇన్‌బిల్ట్ మ్యాప్ మిమ్మల్ని నేరుగా ఆ క్యూలోకే తీసుకెళ్తుంది. సిమ్ ఉన్న కార్లు వస్తున్నాయి, నిజమే. కానీ కారు బతికినంత కాలం ఆ సిమ్ సేవ బతుకుతుందన్న నమ్మకం లేదు. అమెరికాలో 2022 ఫిబ్రవరిలో ఏటీ అండ్ టీ 3జీ నెట్‌వర్క్ ఆపేసినప్పుడు ఎన్నో కార్లలో ఆన్‌లైన్ సేవలు ఆగిపోయాయి. అక్కడ అలా అయినప్పుడు ఇక్కడ మనకి ఎవరు హామీ ఇస్తారు?

నాకు వీటన్నిటికంటే బాధ కలిగించేది ఇంకొకటుంది. మన రోడ్ల మీద బోర్డులు సరిగ్గా ఉంటే ఈ యంత్రాల మీద ఇంత ఆధారపడే అవసరమే రాదు. ఊరి పేరు బోర్డు మీద కోచింగ్ సెంటర్ పోస్టర్ అంటిస్తారు. కూడలిలో బాణం గుర్తుల బోర్డుకి అడ్డంగా నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ కడతారు. రాత్రిపూట కొత్తగా వచ్చినవాడు ఏం చూసి మలుపు తిరగాలి? 2024 నవంబర్‌లో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర, వరదకి కొంత కొట్టుకుపోయిన వంతెన మీంచి కారు రామగంగలో పడి ముగ్గురు చనిపోయారు. ఫోన్ మ్యాప్ చూసుకుంటూ వచ్చారని అందరూ మ్యాప్‌ని తిట్టారు. తెగిపోయిన వంతెన ఎక్కకుండా అడ్డుగోడ కట్టాల్సినవాళ్ళని అంతకంటే ముందు అడగాలి. ఏ మ్యాప్ అయినా తప్పు చెబుతుంది, అందుకే రాత్రిపూట తెలియని దారిలో పక్క సీట్లో ఒకరు మెలకువగా కూర్చోవాలి, అనుమానం వస్తే ఆపి మనిషిని అడగాలి.

ఫోన్‌తో ఉన్న ఇబ్బంది కూడా చెప్పాలి. మే నెలలో అద్దం దగ్గర హోల్డర్‌లో పెట్టి, ఛార్జింగ్ కూడా పెడితే ఫోన్ బాగా వేడెక్కిపోతుంది, వెలుతురు దానంతటదే తగ్గిపోతుంది. అందుకే స్క్రీన్ ఉన్న వేరియంట్ తీసుకోమంటున్నాను. ఆండ్రాయిడ్ ఆటోలో ఫోన్ నీడలో కింద ఉంటుంది, మ్యాప్ పైన స్క్రీన్ మీద కనిపిస్తుంది. ఇక పోలీసులు ఫైన్ వేస్తారేమో అనే భయం ఉంటే, 2020 అక్టోబర్ నుంచి అమల్లో ఉన్న మోటారు వాహనాల నిబంధనల ప్రకారం డ్రైవర్ ధ్యాస చెదరకుండా దారి చూసుకోవడానికి ఫోన్ వాడొచ్చు. చేత్తో పట్టుకుని మాట్లాడటం లాంటివి తప్పు.

ఇన్‌బిల్ట్ నావిగేషన్ కొనాల్సినవాళ్ళు కొందరు ఉన్నారు. పొడవైన సొరంగాలున్న కొండ దారుల్లో రోజూ తిరిగేవాళ్ళకి అది మేలే, ఎందుకంటే ఉపగ్రహం అందని చోట కూడా చక్రాల వేగాన్ని బట్టి కారు ఎక్కడుందో లెక్కగట్టే ఏర్పాటు కొన్ని కార్లలో ఉంటుంది. హిమాచల్‌లో అటల్ సొరంగం ఒక్కటే 9 కిలోమీటర్లు. మన రెండు రాష్ట్రాల్లో తిరిగేవాడికి ఆ అవసరం దాదాపు రాదు. ఫోన్ కారుకి కలపడం చేతకాని పెద్దవాళ్ళు ఒక్కరే నడుపుతారంటే, అప్పుడూ ఆలోచించొచ్చు. కానీ వాళ్ళు కూడా ఒక్కసారి నేర్చుకుంటే సరిపోతుంది. మా నాన్నగారు నేర్చుకున్నారు.

ఇంత చెప్పినా టాప్ వేరియంట్ మీదే మనసుంటే, టెస్ట్ డ్రైవ్ రోజున ఒక పని చేయండి. షోరూమ్ అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, మీ సొంతూరి పేరు ఆ నావిగేషన్‌లో ఆయన చేతే కొట్టించండి. మన కొత్తపల్లులు, రామాపురాలు జిల్లాకి ఎన్ని ఉంటాయో తెలుసు కదా, వాటిలో మీ ఊరే వచ్చిందో లేదో చూడండి. తర్వాత ఎవరితోనైనా వాట్సాప్‌లో ఒక లొకేషన్ పంపించుకుని, దాన్ని కారు మ్యాప్‌లోకి ఎక్కించమనండి. పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ మనకి అడ్రస్ వచ్చేది అలాగే. మ్యాప్ ఎన్నేళ్ళు ఉచితంగా మారుస్తారో, ఆ తర్వాత ఎంత కట్టాలో బుకింగ్ ఫారం మీద రాసి సంతకం పెట్టమనండి. ఈ మూడూ చేసి ఇస్తే కొనుక్కోండి. నోటిమాటగా చెబుతామంటే కింది వేరియంట్‌కే అడ్వాన్స్ ఇవ్వండి.