జింక దారి, మన దారి

పోయిన సంచికలో మా పెరట్లోకి దూరి చిక్కుడు పాదు మొత్తం మేసేసిన జింకల గురించి రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో సగం మంది ఒకటే అడిగారు: ‘పెరట్లోకి పిలవకుండా వస్తాయి సరే, వేటకు వెళ్తే ఒక్కటీ కనబడదేం?’ అందుకని ఈ నెల శీర్షిక మొత్తం వాళ్లకే.

ప్రశ్న: మేము మెకానిక్స్‌బర్గ్‌లో ఉంటాం. రెండేళ్లుగా పెన్సిల్వేనియా వేట లైసెన్సు తీసుకుంటున్నాను. స్టేట్ గేమ్ ల్యాండ్స్‌లో, అదే వేటకని ప్రభుత్వం ఉంచిన అడవుల్లో, కారు ఆపిన చోటి నుంచి కాస్త లోపలికెళ్లి కూర్చుంటాను. ఉడతలు తప్ప ఏమీ రావు. ఫోన్‌లో మ్యాప్ యాప్ ఉంది కానీ ఆ గోధుమరంగు గీతలు చూస్తే టెన్షన్ తప్ప ఏమీ అర్థం కాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ముందు ఆ టెన్షన్ వదిలించుకుందాం. ఒక గీత పట్టుకుని నడిచారనుకోండి, ఎక్కరు, దిగరు. అంతే దాని అర్థం. మన వైపు 1:24,000 స్కేలు షీట్ల మీద గీతకూ గీతకూ మధ్య చాలాచోట్ల 20 అడుగుల ఎత్తు. ప్రతి అయిదో గీత లావుగా ఉంటుంది, దాని మీద అంకె ఉంటుంది. గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డట్టు దగ్గరగా ఉంటే నిట్టనిలువు చరియ. దూరం జరిగితే చదును. మొనదేలి కొండ పైవైపుకు పొడుచుకుపోతే అది కోన, నీళ్లు దిగే దారి. కిందివైపుకు గుండ్రంగా ఉబ్బితే కొండ అటు చెయ్యి చాపిందని.

మా నాన్న గిద్దలూరు వైపు సర్వేయరుగా చేశారు. నల్లమల అంచున పెరిగినవాళ్లకు కనుమ, కోన, చరియ అనేవి నోట్లో మాటలు. ఈ దేశం వచ్చి వేట నేర్చుకునేటప్పుడు మా పక్కింటి పెద్దాయన ‘శాడిల్ చూడు, శాడిల్ చూడు’ అంటుంటే, ఇదేం గుర్రపు జీనురా బాబూ అనుకున్నాను. మ్యాప్ మీద వేలు పెట్టి చూపించాడు. రెండు శిఖరాల మధ్య కొండ కాస్త నడుం వంచిన చోటు. అంటే కనుమ! గిద్దలూరు నుంచి నంద్యాల బస్సు నల్లమల దాటేది నందికనుమలోనే కదా. బస్సైనా, ఎద్దుల బండైనా, తెల్లతోక జింకైనా కొండ దాటాలంటే తక్కువ ఎక్కాల్సిన చోటే వెతుక్కుంటుంది. నవంబరు మధ్యలో ఎదకాలం వచ్చి మగజింకలు ఈ చరియకూ ఆ చరియకూ తిరిగేటప్పుడు కనుమలకు గిరాకీ మరీ ఎక్కువ.

రెండోది, ఇక్కడివాళ్లు బెంచ్ అనేది. నేను అరుగు అంటాను. నిట్టనిలువు చరియ మధ్యలో ఇంటి ముందు అరుగులా కాస్త చదును. మ్యాప్ మీద దగ్గర దగ్గరగా దిగుతున్న గీతల మధ్య ఒక్కచోట ఖాళీ కనబడుతుంది. అంగుళానికి 2,000 అడుగులు కాబట్టి, వంద గజాల వెడల్పున్న అరుగు కాగితం మీద నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. కళ్లజోడు పెట్టుకుని చూడాల్సిందే. పైగా 20 అడుగుల లోపు ఎత్తుపల్లాలు రెండు గీతల మధ్య దాక్కుండిపోతాయి, మ్యాప్‌లో పడనే పడవు. అందుకే యాప్‌లో లైడార్ నీడల పొర ఉంటే అది కూడా పెట్టుకోండి. విమానం నుంచి లేజర్‌తో కొలిచి, చెట్లు తీసేసి నేలను చూపిస్తుంది. పాత కలప బండ్ల దారులు గోటితో గీసినట్టు కనబడతాయి. మా వైపైతే గుండ్రటి చదును చుక్కలు కూడా కనబడతాయి. పందొమ్మిదో శతాబ్దంలో ఇనుప కొలుముల కోసం కట్టె కాల్చి బొగ్గు చేసిన బట్టీల జాగాలవి. మా దగ్గర గ్రీన్‌వుడ్ ఫర్నెస్ 1834 నుంచి 1904 దాకా నడిచింది. దాని చుట్టుపక్కల కొండలన్నీ ఈ చుక్కలే. ఒకసారి అలాంటి చుక్క ఒకటి వెతుక్కుంటూ వెళితే, నల్లమట్టి మీద ఆకులు నలిగి, కోడిగుడ్డు ఆకారంలో మూడు జింకల పడకలు. ముట్టుకుంటే ఒకటి ఇంకా వెచ్చగా ఉంది.

ఇప్పుడు అసలు పని. మీరు యాప్ తెరవగానే జింక ఎక్కడుంటుందా అని వెతుకుతున్నారు. మొదట మనుషులు ఎక్కడుంటారో గుర్తు పెట్టండి. పార్కింగ్ జాగాలు, గేట్లు, నడకదారులు, కొండ దిగువన ఇళ్లు. ఈ రాష్ట్రంలో మనుషులుండే ఇంటికి 150 గజాల లోపల తుపాకీతో వేటాడకూడదు, విల్లుకైతే 50 గజాలు. ఆ వలయాలు ముందే గీసేసుకోండి. అవన్నీ పోగా మిగిలిన చోట్లలో కనుమ, అరుగు, దట్టమైన మౌంటెన్ లారెల్ పొద, ఈ మూడూ దగ్గరగా ఉన్న చోటు ఒకటో రెండో తేలతాయి. కొండ మొత్తం వెతకడం కన్నా ఆ రెండు చోట్లకూ చలికాలం చివర, ఆకు రాలి మంచు కరిగాక, ఒకసారి నడిచి రండి. దారులు అప్పుడే బాగా కనబడతాయి.

నా చోటు చెప్తాను, పేరు మాత్రం చెప్పను. చెబితే మా పెద్దాయన ఊరుకోడు. కొండ ఎత్తు 1,900 అడుగులు. కనుమ 1,760. అంటే ఏడు గీతల తగ్గు. కనుమకు ఆగ్నేయంగా, మూడు గీతల కింద, ఒక అరుగు. దాని మీద తెల్ల ఓక్ చెట్లు. ఎర్ర ఓక్ కాయ కన్నా తెల్ల ఓక్ కాయ చేదు తక్కువ, రాలగానే జింకలు దాని మీద పడతాయి. అరుగు చివర లారెల్ పొద. కారు నుంచి సూటిగా ఎక్కితే ఇరవై నిమిషాలు. నేను ఆ దారిన వెళ్లను, అది వాటి పడకల మధ్యలోంచి పోతుంది. వెనక చరియ నుంచి చుట్టు తిరిగి యాభై నిమిషాలు నడుస్తాను. మీ రెండేళ్లూ ఎక్కడ పోయాయో అడిగితే, నా అంచనా అదే. కూర్చున్న చోటు తప్పు కాకపోవచ్చు. మీరు వెళ్లేసరికే అక్కడి జింకలన్నిటికీ మీరొచ్చారని తెలిసిపోతోంది.

ప్రశ్న: పిట్స్‌బర్గ్ దగ్గర కనుమ ఒకటి మ్యాప్‌లో దొరికింది. కెమెరా పెడితే జింకలు తిరుగుతున్నాయి. కానీ నేను వెళ్లి కూర్చున్న ప్రతిసారీ ఎక్కడో కింద ‘ఫూ’ అని చీది పారిపోతాయి. చప్పుడు చెయ్యను, కదలను. ఏం తప్పు చేస్తున్నాను?

జవాబు: మీ వాసన కొట్టింది వాటికి. ఈ అవమానం నాకు బాగా తెలుసు.

2011లో ఒక సాయంత్రం కోన అడుగున, వాగు పక్కన కూర్చున్నాను. మంచి చోటు, మ్యాప్‌లో మూడు కోనలు కలిసేది. ఎండ కొండ వెనక్కి దిగింది. చల్లగాలి చెంపకు తగిలింది, హాయిగా ఉంది కూడా. పది నిమిషాల్లో దిగువ నుంచి ‘ఫూ’. ఇంకొంచెం దూరంలో ఇంకోటి. మర్నాడు పెద్దాయన వచ్చి నా కోటు వాసన చూసి నవ్వాడు. దాన్ని వంటింటి పక్క కొక్కేనికి తగిలించేదాన్ని. నెల రోజుల తాలింపు, ఇంగువతో సహా, దానికి పట్టి ఉంది! ఆ రోజు నుంచి కోటు గ్యారేజీలో, మూత బిగించే ప్లాస్టిక్ పెట్టెలో.

కానీ కోటు ఉతికితే సరిపోదు. పొద్దున ఎండ పడ్డాక చరియ వేడెక్కి గాలి పైకి లేస్తుంది. సాయంత్రం ఎండ పోగానే చల్లబడ్డ గాలి బరువెక్కి నీళ్లలాగే కోనల్లోంచి కిందికి కారుతుంది. కాబట్టి మ్యాప్ మీద నీళ్లు పోయే దారి గీశారంటే సాయంత్రం మీ వాసన పోయే దారి గీసినట్టే. మూడు కోనలు కలిసేచోట నేను కూర్చోవడమంటే ఊరి చెరువులో రంగు కలిపినట్టు. సాయంత్రం పైన అరుగు మీద కూర్చున్నా మీ గాలి కిందికే పోతుంది, అందుకని జింక వచ్చే వైపు మీ కింద ఉండకూడదు. పొద్దునైతే దీనికి తిరగబడుతుంది, అయితే ఎండ తగిలేదాకా గాలి ఇంకా కిందికే దిగుతుంటుంది. తెల్లవారుజామున అయిదింటికి వెళ్లి కూర్చునేవాళ్లు చాలామంది దీన్ని మర్చిపోతారు.

మన కొండలు చాలావరకు ఈశాన్యం నుంచి నైరుతికి పడుకుని ఉంటాయి. పడమర, వాయవ్యం గాలి ఎక్కువ. గాలి కొండ దాటి అవతల పడే ఆగ్నేయ చరియలో, పైనుంచి మూడో వంతు ఎత్తులో మగజింక పడుకుంటుంది. వెనక ఏముందో గాలి చెప్తుంది, ముందు ఏముందో కళ్లు చూస్తాయి. అక్కడికి కింది నుంచి వెళ్తే చూస్తుంది, పై నుంచి వెళ్తే వాసన పడుతుంది. పక్క నుంచి, అరుగు వెంబడి వెళ్లాలి.

సరిగ్గా కనుమ మధ్యలో మాత్రం కూర్చోకండి. అక్కడ గాలి సుళ్లు తిరుగుతుంది. ఒక పక్కకు, ముప్పై నలభై గజాలు దిగండి. ఇంకో చిట్కా. ఇక్కడ మిల్క్‌వీడ్ అని మొక్క ఉంటుంది, మన జిల్లేడు కుటుంబమే. కాయ పగిలితే అదే దూది. గాలి ఎటు పోతోందో చూడటానికి వేటగాళ్లు వాడే పొడి డబ్బా నొక్కితే మూడడుగుల వరకే తెలుస్తుంది. ఈ దూది పింజ ఒకటి వదిలితే అరవై, డెబ్బై గజాలు కళ్ల ముందే తేలుతూ పోతుంది. మొదటిసారి వదిలినప్పుడు అది తిన్నగా కిందికి పోయి, వాగు దగ్గర మలుపు తిరిగి, సరిగ్గా నాకు ‘ఫూ’ వినబడ్డ చోటికి వెళ్లింది.

ప్రశ్న: మాది ఒహాయోలో బల్లపరుపు నేల. గీతలే లేవు. మ్యాప్ మాకేం పనికొస్తుంది?

జవాబు: మీరు గీతలు మూసేసి ఉపగ్రహ చిత్రం చూడండి, అదీ ఆకురాలిన కాలంలో తీసినది. మొక్కజొన్న, సోయా చేల మధ్య అడవి సన్నబడి మెడలా ఉన్న చోటు, చేను అడవిలోకి మూలగా చొచ్చుకొచ్చిన లోపలి మూల, రెండు అడవి ముక్కల్ని కలిపే కాలువ గట్టు. అక్కడ కనుమ చేసే పని ఇక్కడ ఇవి చేస్తాయి. నేను ఒహాయోలో వేటాడింది తక్కువ, అంతకుమించి చెప్తే కోతలవుతాయి.

ప్రశ్న: నేను హెచ్1బి మీద ఉన్నాను. తుపాకీ పట్టుకోవచ్చా?

జవాబు: ఫెడరల్ చట్టం ప్రకారం తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ, తూటాలు గానీ ఉండకూడదు. దానికి కొన్ని మినహాయింపులున్నాయి, రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు అందులో ఒకటి. లైసెన్సు గడువు దాటిన మర్నాడు ఆ మినహాయింపు ఉండదు, తుపాకీ మాత్రం ఇంట్లోనే ఉంటుంది. గ్రీన్‌కార్డు మీద ఆశ పెట్టుకున్నవాళ్లు ఇందులో సరదాలకు పోవద్దు, ముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి. నేను మొదట్లో క్రాస్‌బోతోనే, అంటే తుపాకీలా మీట నొక్కి బాణం వదిలే విల్లుతోనే వెళ్లాను. ఆ చట్టం లెక్కలో అది తుపాకీ కాదు. ఏదైనా సరే, పెన్సిల్వేనియాలో మొదటిసారి లైసెన్సు కావాలంటే హంటర్ ఎడ్యుకేషన్ పాఠం పాసవ్వాలి. తుపాకీ సీజన్‌లో తలమీద, ఛాతీ మీద, వీపు మీద కలిపి 250 చదరపు అంగుళాల నారింజ రంగు కనబడాలి. చీర రంగులా ఉందని సిగ్గుపడకండి.

ప్రశ్న: గుంటూరు నుంచి రాస్తున్నాను. అక్కడ మీరు జింకల్ని చంపి గొప్పలు రాస్తున్నారు. ఇక్కడ మా కుర్రాళ్లు చదివి నల్లమలకు బయల్దేరితే ఎవరిది బాధ్యత?

జవాబు: అమ్మా, మీ కోపం సబబే. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం, జైలుకు పోతారు. ఇక్కడ రాసింది అక్కడ వాడుకోవద్దని నేనే పెద్దక్షరాల్లో రాయాల్సింది, రాయలేదు. పెన్సిల్వేనియా కథ వేరు. తోడేలు, కొండపులి ఈ అడవుల్లో ఎప్పుడో లేకుండా పోయాయి. జింకలు పెరిగి మొలకల్ని తినేస్తే అడవే మళ్లీ మొలవదు, అందుకని ఏటా లెక్కకట్టి లైసెన్సులిస్తారు. నేను కొట్టిన దాంట్లో ఒక్క ముక్క పారెయ్యలేదు. అయినా ప్రతిసారీ చెయ్యి వణుకుతుంది, అది మీకు తెలియాలి.

మ్యాప్ చదవడం మాత్రం మీ కుర్రాళ్లకు నేర్పించండి, చూడటానికి. ఒకసారి సెలవుల్లో వెళ్లినప్పుడు నాన్నతో నంద్యాల బస్సెక్కాను. సర్వే ఆఫ్ ఇండియా షీటు ఒళ్లో పరిచాను. మనవి 1:50,000, గీతకూ గీతకూ మధ్య 20 మీటర్లు. నేను పెన్సిల్వేనియా లెక్కలో కనుమ వెతుకుతుంటే నాన్న నవ్వి, ‘నీ మూడు గీతల కొండ మా ఒక్క గీత కింద దాక్కుంటుందే పిచ్చిదానా’ అన్నారు. తర్వాత కాగితం వంక చూడకుండానే కిటికీలోంచి చెయ్యి చాపి, వాగు రోడ్డును తాకే మలుపు చూపించి, ‘అక్కడ దాటతాయి’ అన్నారు. బస్సు ఆ మలుపు తిరిగింది. వంతెన గోడ పక్కన మూడు దుప్పులు, చెవులు నిక్కించి, మేము పోయేదాకా ఆగి నిలబడ్డాయి.