ఎస్‌వీజీ నుంచి డీఎక్స్‌ఎఫ్: 100 మి.మీ. ఫ్లాంజ్ 75 ఎందుకైంది?

ఎస్‌వీజీ (గ్రాఫిక్స్ బొమ్మ ఫైల్)ని డీఎక్స్‌ఎఫ్ (కటింగ్ వాళ్లు వాడే డ్రాయింగ్ ఫైల్)గా మార్చి ఆటోనగర్‌లో లేజర్ కటింగ్‌కి ఇస్తే, 100 మి.మీ. ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే గుండ్రటి బిళ్ల) 75 వచ్చిందని, ఎం12 (12 మి.మీ.) బోల్టు రంధ్రాల అంచులు పలకలు పలకలుగా ఉన్నాయని రాశారు. ఇవి రెండూ వేర్వేరు సమస్యలండీ.

సైజు సంగతి తేలికే. బొమ్మలు గీసే ఇలస్ట్రేటర్ సాఫ్ట్‌వేర్ అంగుళానికి 72 యూనిట్ల లెక్కన ఎస్‌వీజీ రాస్తుంది. తెరిచిన సాఫ్ట్‌వేర్ 96 అనుకుంది. 72/96 అంటే సరిగ్గా 0.75. 133.333 శాతానికి స్కేల్ చేయండి, సరిపోతుంది.

అసలు చిక్కు రంధ్రాలది. ఎస్‌వీజీలో వృత్తం ఉంది గానీ, పాత్‌గా (మామూలు గీతగా) మారిస్తే బెజియర్ వంపులైపోతుంది, అంటే వృత్తాన్ని పోలిన వంపు గీతల ముక్కలు. దాన్ని ఆర్12 అనే పాత వెర్షన్ డీఎక్స్‌ఎఫ్‌గా సేవ్ చేశారనుకోండి, ఆ వెర్షన్‌లో స్ప్లైన్ (నునుపైన వంపు గీత) లేదు కాబట్టి చిన్న చిన్న గీతలుగా ముక్కలవుతుంది. ఒక్కో మూల దగ్గర మెషిన్ వేగం తగ్గుతుంది, ఆ గుర్తే అంచు మీద పడుతుంది. పైగా కేంద్రం, వ్యాసం అనే సమాచారమే మిగలదు. ఎంత స్మూత్ చేసినా అది తిరిగి రాదు, ఆ ప్రయత్నం మానేయండి.

స్కేల్ చేశాక లిబ్రెక్యాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, పాత రంధ్రాలు చెరిపి, సర్కిల్ కమాండ్‌తోనే 13.5 మి.మీ. వ్యాసంతో మళ్లీ గీయండి. బయటి అంచుకీ అంతే. డ్రాయింగ్ యూనిట్ మిల్లీమీటర్లకి మార్చండి. కెర్ఫ్ (లేజర్ కోతలో పోయే వెడల్పు) మాత్రం మీరు కలపొద్దు, కటింగ్ వాళ్లే తమ సాఫ్ట్‌వేర్‌లో సర్దుతారు. ఇద్దరూ కలిపితే రంధ్రం చిన్నదైపోతుంది.