విదేశీ గేమ్ కన్సోల్, మన ఇంటి కరెంటు: పాఠకుల సందేహాలకు సమాధానాలు

విదేశాల నుంచి తెచ్చుకున్న గేమ్ కన్సోళ్లను మన కరెంటు మీద వాడుకోవడం గురించి అడిగిన కొన్ని ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటున్న మా అన్నయ్య సంక్రాంతికి వస్తూ మా పిల్లల కోసం కొత్త ప్లేస్టేషన్ 5తో పాటు, తన కొడుకు వాడి పక్కన పెట్టేసిన పాత ఎక్స్‌బాక్స్ 360 కూడా తెస్తున్నాడు. పిన్ను మార్చుకుంటే చాలునని మా ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పెడితే కాలిపోతుందని మా మరిది బెదిరిస్తున్నాడు. ఎవరి మాట వినమంటారు?
– ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: మీ ఎలక్ట్రీషియన్ చెప్పినది ప్లేస్టేషన్ 5 విషయంలో నిజం, మీ మరిది భయపడుతున్నది ఎక్స్‌బాక్స్ 360 విషయంలో నిజం. ఒకే పెట్టెలో ఒకే దేశం నుంచి వచ్చినా ఆ రెండింటికీ కరెంటు విషయంలో పోలిక లేదు.

అమెరికాలో ఇళ్లకు వచ్చే కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్ (అంటే కరెంటు అల సెకనుకు 60 సార్లు తిరుగుతుంది). మనకు వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఈ తేడాను తట్టుకోగలదా లేదా అన్నది ఆ వస్తువు ఏ దేశంలో అమ్ముడైందన్న దాన్ని బట్టి గాక, దానికి కరెంటు అందించే పవర్ సప్లై ఎలాంటిదన్న దాన్ని బట్టి తేలుతుంది. ఆ సంగతి దాని మీద అతికించిన లేబుల్‌పై రాసే ఉంటుంది. ప్లేస్టేషన్ 5కు పవర్ సప్లై లోపలే ఉంటుంది కనుక లేబుల్ కన్సోల్ ఒంటి మీదే కనిపిస్తుంది. ఎక్స్‌బాక్స్ 360కి బయట వేలాడే ఇటుకంత అడాప్టర్ ఉంటుంది కనుక ఆ అడాప్టర్ అడుగున చూడాలి. ‘ఇన్‌పుట్’ అన్న మాట పక్కన 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే అది ప్రపంచంలో దాదాపు ఎక్కడైనా పనిచేస్తుంది. అక్కడే 120 అనో, 100–127 అనో ఉంటే మన సాకెట్టులో నేరుగా పెట్టకూడదు. అడాప్టర్ లేబుల్‌పై ‘అవుట్‌పుట్’ అని మరో వరుస కూడా ఉంటుంది. అక్కడ కనిపించే 12 వోల్టుల అంకె కన్సోల్‌కు వెళ్లే కరెంటుది, గోడ నుంచి వచ్చే కరెంటుతో దానికి సంబంధం లేదు. ఈ రెండు వరుసలనూ కలగలిపి చదివి కంగారుపడేవారు చాలామందే ఉన్నారు.

అమెరికాలో అమ్మే ప్లేస్టేషన్ 5 మీద 100–240 అనే ఉంటుంది. అలాంటి పవర్ సప్లై లోపలికి వచ్చిన ఏసీ కరెంటును, అంటే అటూ ఇటూ దిశ మారే కరెంటును, మొదట ఒకే దిశలో పారే డీసీగా మార్చి, దాన్ని సెకనుకు వేల సార్లు ఆపుతూ వదులుతూ కావలసిన వోల్టేజీని తయారు చేసుకుంటుంది. బయటి వోల్టేజీ ఎక్కువైతే వదిలే సమయాన్ని తగ్గించుకుంటుంది, తక్కువైతే పెంచుకుంటుంది. 50 హెర్ట్జా 60 హెర్ట్జా అన్నది డీసీగా మారే మొదటి మెట్టు దగ్గరే సమసిపోతుంది. కనుక దీనికి మీరు మార్చవలసినది వైరు ఒక్కటే. కన్సోల్ వెనుక వైరు దూర్చే చోటు ఇంగ్లిషు ఎనిమిది అంకె ఆకారంలో ఉంటుంది. పాత టేప్ రికార్డర్లకు వచ్చిన వైరు కూడా అదే రకం. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్న మన పిన్నుల వైరు ఒకటి ఎలక్ట్రికల్ షాపులో కొనండి. అమెరికా వైరుకే చిన్న అడాప్టర్ పిన్ను తగిలించి వాడుకునే అలవాటు మన ఇళ్లలో ఎక్కువ. అయితే ఆ వైరు మీద చాలాసార్లు 125 వోల్టులు అని రాసి ఉంటుంది, అంటే అంతకు మించిన వోల్టేజీకి అది ఉద్దేశించినది కాదు. పైగా అడాప్టర్ పిన్ను వదులుగా కూర్చుని వేడెక్కుతుంటుంది. ఖరీదైన యంత్రానికి కొత్త వైరు కొనడానికి వెనకాడవలసిన పని లేదు.

ఇక ఎక్స్‌బాక్స్ 360. అమెరికాలో దానితో ఇచ్చిన అడాప్టర్ 100–127 వోల్టులకు మాత్రమే తయారైనది. దీనికి ట్రాన్స్‌ఫార్మర్ కొనాలని మీ మరిది చెప్పడంలో తప్పు లేదు గానీ, అంతకంటే సులువైన దారి ఉంది. ఆ అడాప్టర్ నుంచి కన్సోల్‌లోకి వెళ్లేది 12 వోల్టుల డీసీ. మన దేశంలో అమ్మిన ఎక్స్‌బాక్స్ 360 కన్సోల్‌లోకి వెళ్లేదీ అదే. అంటే కన్సోల్‌కు ఏ దేశమైనా ఒకటే, అడాప్టర్‌కే ఆ పట్టింపు. కనుక ఇక్కడి వోల్టేజీకి సరిపోయే అడాప్టర్ ఒకటి సంపాదిస్తే పని పూర్తవుతుంది. కొనేటప్పుడు కన్సోల్ ఏ తరానిదో చూసుకోవాలి: మొదట వచ్చిన పెద్దది, 2010లో వచ్చిన సన్నని ‘ఎస్’, 2013లో వచ్చిన ‘ఇ’ అనే మూడింటికీ పిన్నులు వేరు. మొదటి తరంలోనే మళ్లీ 203, 175, 150 వాట్ల అడాప్టర్లు ఉన్నాయి. పాత అడాప్టర్ మీద ఎన్ని వాట్లు ఉంటే అంతకు తగ్గనిదే తీసుకోవాలి. పాత అడాప్టర్‌ను ఫోటో తీసి పట్టుకెళితే హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి చోట్ల షాపువాళ్లతో మాట్లాడడం తేలికవుతుంది.

ఒక హెచ్చరిక. మన ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో చాలావాటికి ఏ దేశపు పిన్నయినా పట్టే రంధ్రాలు ఉంటాయి. అమెరికా చదును పిన్నులు వాటిలోకి చక్కగా దిగిపోతాయి. పిన్ను పట్టిందంటే కరెంటు కూడా సరిపడుతుందని పిల్లలు అనుకోవడం సహజం. మీ అన్నయ్య పెట్టె తెరిచిన వెంటనే ఆ ఎక్స్‌బాక్స్ అడాప్టర్‌ను వైరుతో సహా తీసి పిల్లలకు అందకుండా పక్కన పెట్టండి.

ప్రశ్న: బోస్టన్ నుంచి వచ్చిన మా బంధువులు ఇచ్చిన నింటెండో వీ కన్సోల్‌ను మా అబ్బాయి తెలియక నేరుగా సాకెట్టులో పెట్టాడు. అడాప్టర్‌లో టప్‌మని శబ్దం, కాలిన వాసన వచ్చాయి. కన్సోల్ పూర్తిగా పోయినట్టేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆశ వదులుకోకండి. కాలినది బయటి అడాప్టర్ కాబట్టి కన్సోల్ బతికి ఉండే అవకాశాలే ఎక్కువ.

అమెరికా వీ అడాప్టర్ 120 వోల్టులకు తయారైనది. 120 వోల్టుల ఏసీలో అల శిఖరం దాదాపు 170 వోల్టులు ఉంటుంది. అందుకే ఆ ఒక్క వోల్టేజీ కోసమే చేసిన పవర్ సప్లైలలో సాధారణంగా 200 వోల్టులు తట్టుకునే కెపాసిటర్ (కరెంటును కాసేపు నిల్వ ఉంచే భాగం) పెడతారు. మన 230 వోల్టులలో ఆ శిఖరం 325 దాకా పోతుంది. కెపాసిటర్ అంత భారం మోయలేక ఉబ్బి పగులుతుంది. చాలా పవర్ సప్లైలలో దానికి ముందు వారిస్టర్ అనే చిన్న బిళ్ల ఒకటి కాపలా ఉంటుంది. వోల్టేజీ హద్దు దాటగానే అది కరెంటును తన మీదికి లాక్కుని, ఫ్యూజు కొట్టేసేలా చేసి, తాను కాలిపోతుంది. మీరు విన్న శబ్దం ఈ రెండింటిలో ఒకదానిది అయ్యుంటుంది. ఏది పోయినా అది గోడ వైపు భాగమే. అవుట్‌పుట్ వైపు, అంటే కన్సోల్‌కు 12 వోల్టులు పంపే వైపు, ట్రాన్స్‌ఫార్మర్‌కు అవతల విడిగా ఉంటుంది.

పాత అడాప్టర్‌ను మళ్లీ పెట్టి చూడవద్దు. 230 వోల్టులు ఇన్‌పుట్‌గా, 12 వోల్టులు 3.7 ఆంపియర్లు అవుట్‌పుట్‌గా ఉన్న వీ అడాప్టర్‌ను కొని తగిలించండి. దాని పిన్ను ప్రత్యేకమైనది కాబట్టి వీ కోసం చేసినదే కావాలి. అప్పటికీ కన్సోల్ ముందు లైటు వెలగకపోతే అప్పుడు రిపేరు షాపుకు వెళ్లవచ్చు.

పవర్ సప్లై లోపలే ఉన్న కన్సోళ్లకు ఈ ప్రమాదం జరిగితే కొంచెం కష్టం, అయినా అవి కూడా పూర్తిగా పోయినట్టు కాదు. ఉదాహరణకు అమెరికాలో అమ్మిన మొదటి తరం పెద్ద ప్లేస్టేషన్ 2లో 120 వోల్టుల పవర్ సప్లై విడి బోర్డుగా ఉంటుంది. ఫ్యూజు, వారిస్టర్, కెపాసిటర్ మార్చి దాన్ని బాగు చేయగల మెకానిక్కులు ఉన్నారు. కానీ అలా బాగు చేసినా అది మళ్లీ 120 వోల్టులదే అవుతుంది. దానికన్నా అదే మోడల్‌కు 220–240 వోల్టుల బోర్డు దొరికితే మార్పించుకోవడం తెలివైన పని. బోర్డు విప్పడం ఇంట్లో చేయవలసిన పని మాత్రం కాదు. ప్లగ్గు తీసేసిన తరువాత కూడా ఆ పెద్ద కెపాసిటర్‌లో ప్రమాదకరమైన కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది.

ప్రశ్న: కొన్నేళ్లు టోక్యోలో ఉద్యోగం చేసి వస్తూ నింటెండోవారి పాత సూపర్ ఫామికామ్ కన్సోల్ ఒకటి తెచ్చుకున్నాను. నా దగ్గర 230 నుంచి 110కి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దాని మీద ఆడుతుంటే అడాప్టర్ బాగా వేడెక్కుతోంది. 50 హెర్ట్జ్ కారణమా?
– ఒక ఇంజినీరు, హైదరాబాదు

జవాబు: మీ కేసులో 50 హెర్ట్జ్ నిర్దోషి. జపానులో తూర్పున ఉన్న టోక్యో ప్రాంతానికి 50 హెర్ట్జ్, పడమటన ఉన్న ఒసాకా ప్రాంతానికి 60 హెర్ట్జ్ కరెంటు వస్తుంది. 1890ల దశకంలో టోక్యోవాళ్లు జర్మనీ జనరేటర్లను, ఒసాకావాళ్లు అమెరికా జనరేటర్లను తెచ్చుకోవడం వల్ల ఏర్పడిన ఈ చీలిక ఇప్పటికీ మానలేదు. అందుచేత జపాను మార్కెట్టు కోసం చేసిన అడాప్టర్లు రెండింటికీ సిద్ధంగానే ఉంటాయి. అదే అమెరికా పాత అడాప్టర్ అయితే మీ అనుమానం సరైనదే: లోపల ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న 60 హెర్ట్జ్ అడాప్టర్‌కు 50 హెర్ట్జ్ ఇస్తే దాని ఇనుములో అయస్కాంత ప్రవాహం అయిదో వంతు పెరిగి, గుయ్యిమంటూ వేడెక్కుతుంది. బయట పెట్టే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుందే తప్ప హెర్ట్జ్‌ను మార్చదు.

మీ దగ్గర దోషి వోల్టేజీ. జపాను కరెంటు 100 వోల్టులు. మీ ట్రాన్స్‌ఫార్మర్ 230 వస్తేనే 110 ఇస్తుంది. రాత్రి పొద్దుపోయాక మన లైనులో 250 వచ్చిందనుకోండి, ఇచ్చేది దాదాపు 120 అవుతుంది. అంటే అడాప్టర్‌కు అందవలసిన దానికంటే అయిదో వంతు ఎక్కువ. దాంతో అడాప్టర్ ఇనుములోనూ అయస్కాంత ప్రవాహం పెరిగి అది వేడెక్కుతుంది. పైగా ఆ అదనపు వోల్టేజీని కన్సోల్ లోపలి రెగ్యులేటర్ వేడిగా మార్చి వదిలించుకోవాలి.

ట్రాన్స్‌ఫార్మర్ మార్చడం కంటే అడాప్టర్ మార్చడమే నేను సూచించేది. సూపర్ ఫామికామ్‌కు కావలసినది 10 వోల్టుల డీసీ, 850 మిల్లీ ఆంపియర్లు. మన షాపుల్లో దొరికే 9 వోల్టులు 1 ఆంపియర్ మంచి అడాప్టర్‌తో అది హాయిగా పనిచేస్తుంది. కాకపోతే ధ్రువాలు చూసుకోవాలి: ఇక్కడ దొరికే అడాప్టర్లలో అత్యధికం పిన్ను మధ్యలో ప్లస్, మీకు కావలసినది మధ్యలో మైనస్. తిరగబడితే లోపలి ఫ్యూజు పోవచ్చు. ఇంకొకటి, నింటెండోదే కదా అని ఎవరైనా అమెరికా ఎన్‌ఈఎస్ (ఆ కంపెనీదే మరో పాత కన్సోల్) అడాప్టర్ ఇస్తే తీసుకోవద్దు. పిన్ను పట్టినట్టే ఉంటుంది గానీ అది ఇచ్చేది 9 వోల్టుల ఏసీ, డీసీ కోసం చేసిన మీ కన్సోల్‌ను అది పాడు చేస్తుంది.

ప్రశ్న: మా ఊళ్లో సాయంత్రాలు వోల్టేజీ 170కి పడిపోతుంది, కరెంటు పోవడం కూడా మామూలే. అమెరికా కన్సోల్‌ను ట్రాన్స్‌ఫార్మర్‌తో ఇన్వర్టర్ మీద నడపవచ్చునా? ఎంత సైజు ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోవాలి?
– ఒక విద్యార్థి, అనంతపురం జిల్లా

జవాబు: ముందు లేబుల్ చూడండి. 100–240 అని ఉంటే 170 వోల్టులు కూడా ఆ హద్దులోనే ఉన్నట్టు, దానికి ట్రాన్స్‌ఫార్మర్ గాని స్టెబిలైజర్ గాని అక్కర్లేదు.

120 అని మాత్రమే ఉండి, వేరే అడాప్టర్ దొరక్కపోతేనే ట్రాన్స్‌ఫార్మర్ దాకా వెళ్లండి. మీ 170 వోల్టులకు 230 నుంచి 110కి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ 81 వోల్టులే ఇస్తుంది కనుక దానికి ముందు స్టెబిలైజర్ తప్పదు. సైజుకు లేబుల్‌పై ‘ఇన్‌పుట్’ వరుసలో ఉన్న వోల్టులను ఆంపియర్లతో గుణించి, వచ్చిన దానికి కనీసం నాలుగో వంతు కలుపుకోండి. వేర్వేరు చుట్టలున్న ట్రాన్స్‌ఫార్మర్ అడిగి తీసుకుంటే మంచిది; చవకగా దొరికే ఆటో ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు వైపులకూ చుట్ట ఒకటే కాబట్టి, లోపల తీగ తెగితే 230 నేరుగా కన్సోల్‌కు చేరవచ్చు. ప్రయాణాల కోసమంటూ అరచేతిలో పట్టేంత పెట్టె మీద 1600 వాట్లు అని రాసి అమ్మే కన్వర్టర్లు హెయిర్ డ్రయ్యర్ల వంటి వేడి చేసే వస్తువులకు ఉద్దేశించినవి. అవి వోల్టేజీ అలను ముక్కలుగా కోసి వదులుతాయి. వాటికి కన్సోల్ తగిలించకూడదు.

సైన్‌వేవ్ ఇన్వర్టర్ అయితే దాని మీద ట్రాన్స్‌ఫార్మర్ నడుస్తుంది. స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ మీద మోత పెట్టి వేడెక్కుతుంది కనుక కరెంటు వచ్చేదాకా ఆగడమే మేలు.

ప్రశ్న: మా అమ్మాయి పై చదువుకు డాలస్ వెళుతూ ఇక్కడ కొన్న ప్లేస్టేషన్ 5ను తీసుకెళతానంటోంది. అక్కడ పనిచేస్తుందా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: పనిచేస్తుంది. లేబుల్ ఒకసారి చూసి, 100–240 అని ఉంటే నిశ్చింతగా పంపండి. అక్కడి పిన్నులున్న ఎనిమిది ఆకారపు వైరును డాలస్‌లోనే కొనుక్కోమని చెప్పండి. ఇక్కడి ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసుకెళ్లనివ్వకండి. పిడుగులు, హెచ్చుతగ్గుల నుంచి కాపాడేందుకు దానిలో పెట్టిన వారిస్టర్ మన 230 వోల్టుల లెక్కకు అమర్చినది. అక్కడి 120 వోల్టుల లైనులో చాలా ఆలస్యంగా గాని అది మేల్కోదు. కన్సోల్‌ను చెక్-ఇన్ పెట్టెలో వేయకుండా చేతి సంచిలో పెట్టుకోవాలి. కంట్రోలర్‌లో లిథియం బ్యాటరీ ఉంటుంది కాబట్టి అదీ దానితోనే ఉండాలి.