రేడియో మూగబోతే ఊరు ఏం చేయగలదు?

అమెరికాలో నల్లజాతి శ్రోతల రేడియో స్టేషన్లు అమ్ముడుపోవడం, మూతపడటం గురించి వచ్చిన ఉత్తరాల్లో ఒకే తరహావి కలిపి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా పక్క పేటలో ఎన్నో ఏళ్లుగా నడిచిన నల్లజాతి ఎఫ్ఎం స్టేషన్ అమ్ముడైంది. చర్చిలో, సెలూన్లో ఎక్కడ విన్నా అదే మాట. పాటలన్నీ ఫోన్లో దొరికే రోజుల్లో అంత బాధ ఎందుకు?
— ఒక పాఠకుడు, ఒహాయో

జవాబు: పాటల మట్టుకే అయితే మీరన్నది నిజమే. కానీ ఆదివారం పొద్దున గాస్పెల్ పాటల మధ్య చదివే చావు కబుర్లు, ఏ చర్చిలో ఉచితంగా సరుకులు పంచుతున్నారో, ఏ వీధిలో నీళ్లు కాచుకుని తాగాలో, కౌన్సిల్‌లో నిన్న ఎవరు ఏమన్నారో ఏ యాప్‌లో వస్తాయి? వంటింట్లో, కారులో రేడియో తప్ప ఇంకేదీ పెట్టుకోని పెద్దవాళ్లకు ఈ లోటు మరీ పెద్దది.

పైగా ఈ స్టేషన్ల వెనక చాలా చరిత్ర ఉంది. మెంఫిస్‌లో డబ్ల్యూడీఐఏ యజమానులు తెల్లవాళ్లే. 1948లో నల్లజాతివాడైన నాట్ డి. విలియమ్స్‌ను మైకు ముందు కూర్చోబెట్టాక దాని దశ తిరిగి, 1954కల్లా 50,000 వాట్ల స్టేషన్ అయింది. అట్లాంటాలో 1949లో జెస్సీ బ్లేటన్ కొన్న డబ్ల్యూఈఆర్‌డీ నల్లజాతివారి సొంత యాజమాన్యంలోని మొదటి స్టేషన్. మార్టిన్ లూథర్ కింగ్ నడిపిన పౌరహక్కుల సంస్థ ఎస్‌సీఎల్‌సీ కార్యాలయం కూడా అదే భవనంలో ఉండేది. 1963లో బర్మింగ్‌హామ్ పిల్లలు జాతి వివక్షకు వ్యతిరేకంగా ఊరేగింపుకు ఎప్పుడు రావాలో డీజేలు పాటల మధ్య సంకేతాలతో చెప్పారు. 1992 అల్లర్లప్పుడు లాస్ ఏంజెలెస్‌లో స్టీవీ వండర్ స్టేషన్ కేజేఎల్‌హెచ్ సంగీతం పక్కనపెట్టి శ్రోతల ఫోన్లకే సమయమిచ్చింది. ఇన్ని తరాలు నమ్ముకున్న గొంతు ఒక సోమవారం పొద్దున మారిపోతే బాధపడరా మరి.

ప్రశ్న: అమ్మకం ఆపమని మా మిత్రుల చర్చి వాళ్లు సంతకాలు సేకరిస్తున్నారు. వేలల్లో వచ్చాయి. ఎవరికివ్వాలి? పని జరుగుతుందా?
— ఒక పాఠకురాలు, మిచిగన్

జవాబు: యజమాని బల్ల మీద పెట్టడానికి, కౌన్సిల్ సభ్యులకు చూపడానికి సంతకాలు పనికొస్తాయి. లైసెన్సు బదిలీకి అనుమతిచ్చే ప్రభుత్వ ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ దగ్గర మాత్రం వాటి బరువు చాలా తక్కువ. సంతకాలు సేకరిస్తూ కూర్చుంటే అసలు గడువు దాటిపోతుంది. తరచూ జరిగేది ఇదే.

ముందు చట్టం ఏం చూడదో తెలుసుకోండి. స్టేషన్ ఏ పాటలు వేయాలి, ఎవరి కోసం నడవాలి అన్నది ఎఫ్‌సీసీ నిర్ణయించదు. ఫార్మాట్‌ను మార్కెట్‌కే వదిలేయవచ్చని 1981లో డబ్ల్యూఎన్‌సీఎన్ శ్రోతల కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. రెండోది ఇంకా కఠినం. కమ్యూనికేషన్స్ చట్టం 310(డి) ప్రకారం, ఈ కొనుగోలుదారు కన్నా ఇంకొకరికి అమ్మితే ప్రజలకు మేలు కదా అన్న వాదనను ఎఫ్‌సీసీ పరిగణించనే కూడదు. కాబట్టి 'ఇది మా స్టేషన్, నల్లజాతివారికే అమ్మండి' అని ఎంత బాగా రాసినా ఫలితం ఉండదు.

మరి ఏది నిలబడుతుంది? కొనేవాడికి ఆ ఊళ్లో ఇప్పటికే పరిమితికి మించి స్టేషన్లున్నాయా? దరఖాస్తులో అబద్ధాలున్నాయా? విదేశీ వాటా దాచారా? అన్నిటికన్నా ఎక్కువగా చూడాల్సింది మరొకటి: అనుమతి రాకముందే కొనేవాడు స్టేషన్‌ను తన చేతుల్లోకి తీసుకున్నాడా? ప్రసార సమయం అద్దెకు తీసుకునే ఒప్పందాలు చట్టబద్ధమే. కానీ ఉద్యోగులను తీసేయడం, ఖర్చులు, కార్యక్రమాలు అన్నీ కొనేవాడే చూస్తుంటే అది అనుమతి లేని అధికార మార్పిడి. పాత ఉద్యోగులను అడగండి: జీతం చెక్కు ఎవరి పేరుతో వచ్చింది, ఏ తేదీ నుంచి? వేల సంతకాల కన్నా ఆ ఒక్క చెక్కు నకలు విలువైనది.

గడువు సంగతి. దరఖాస్తు స్వీకరించినట్టు ఎఫ్‌సీసీ బహిరంగ ప్రకటన ఇచ్చిన నాటి నుంచి 30 రోజుల్లో 'పిటిషన్ టు డినై' (అనుమతి ఇవ్వొద్దని కోరే అర్జీ) వేయాలి. పత్రికలో వార్త వచ్చిన రోజు నుంచి లెక్క వేసుకోకండి. ఆ స్టేషన్ వినిపించే ప్రాంతంలో నివసించే వ్యక్తి లేదా దాన్ని క్రమం తప్పకుండా వినే శ్రోత వేయవచ్చు. శ్రోతలకూ ప్రేక్షకులకూ ఈ హక్కు వచ్చింది 1966లో, మిసిసిపీ జాక్సన్‌లోని డబ్ల్యూఎల్‌బీటీ టీవీ మీద యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ నడిపిన కేసుతో. సంఘం తరఫున వేస్తే కనీసం ఒక సభ్యుడి ప్రమాణ పత్రం జత చేయాలి: నేను ఫలానా చోట ఉంటాను, ఈ స్టేషన్ వింటాను, కింద రాసిన విషయాలు నాకు స్వయంగా తెలుసు అని. అబద్ధమైతే శిక్షార్హుడినని రాసి సంతకం చేస్తే చాలు, నోటరీ అక్కర్లేదు. ప్రతి ఆరోపణకూ తేదీ, ఆధారం ఉండాలి. నకలు అమ్మేవారికీ కొనేవారికీ పంపి, పంపినట్టు పత్రం జత చేయాలి. దీన్ని మరచి కొట్టివేయించుకున్నవాళ్లు ఎందరో. 30 రోజులు దాటిపోతే, నిర్ణయం వెలువడేలోపు 'ఇన్ఫార్మల్ అబ్జెక్షన్' (మామూలు అభ్యంతర పత్రం) వేయవచ్చు, కానీ దానికి అప్పీలు హక్కులు బలహీనం. డబ్బు తీసుకుని పిటిషన్ వెనక్కి తీసుకోవడం కుదరదు. నిజంగా అయిన సముచిత ఖర్చుల వరకే అనుమతి.

మా అభిప్రాయం అడిగితే, ఈ పిటిషన్లతో అమ్మకం ఆగడం అరుదు. ఆలస్యం మాత్రం అవుతుంది. ఆ ఆలస్యాన్నే బేరానికి వాడుకోవాలి. కొనేవారిని అడగదగ్గవి: ఆదివారం ఉదయం రెండు గంటల స్థానిక కార్యక్రమం కొనసాగింపు, హెచ్‌డీ ఉపచానెల్ (అదే స్టేషన్ డిజిటల్ ప్రసారంలో అదనపు చానెల్) ఒకటి, దాన్ని మామూలు రేడియోలో వినిపించే 250 వాట్ల చిన్న రిలే కేంద్రం, అంటే ట్రాన్స్‌లేటర్, పాత టేపుల అప్పగింత. అమ్మేవారిని అడగాల్సింది స్టేషన్ పేరు. పిట్స్‌బర్గ్ డబ్ల్యూఏఎంఓను 2009లో షెరిడాన్ బ్రాడ్‌కాస్టింగ్ ఒక కాథలిక్ సంస్థకు అమ్మేసింది. 2011లో మరో యజమాని 660 ఏఎం మీద, 100.1 ఎఫ్ఎం ట్రాన్స్‌లేటర్ మీద అదే పేరుతో మళ్లీ మొదలుపెట్టాడు. పేరు చేతిలో ఉంటే శ్రోతలు వెతుక్కుంటూ వస్తారు. అమ్మిన షెరిడాన్ కూడా నల్లజాతివారి సంస్థేనని గుర్తుంచుకుంటే కోపం సగం తగ్గి, లెక్కల మీదికి దృష్టి మళ్లుతుంది.

ప్రశ్న: అంతమంది వింటుంటే నష్టం ఎలా వస్తుంది?
— ఒక పాఠకుడు, జార్జియా

జవాబు: వినేవాళ్ల సంఖ్యకూ ప్రకటనల రాబడికీ మధ్య చాలామంది ఉంటారు. నల్లజాతి శ్రోతల 'అర్బన్' స్టేషన్లకు ప్రకటనలు ఇవ్వొద్దని కొన్ని కంపెనీలు ఏజెన్సీలకు చెప్పే అలవాటు మీద 1998లో ఎఫ్‌సీసీయే అధ్యయనం చేయించింది. తర్వాత 2008 నుంచి ప్రకటన ఒప్పందాల్లో జాతి వివక్ష చూపకూడదన్న షరతు పెట్టించింది. షరతు కాగితం మీద ఉంది, నిరూపించడం కష్టం.

శ్రోతల లెక్క కట్టే పద్ధతి కూడా మారింది. పూర్వం జనం డైరీలో రాసేవారు. ఇష్టమైన స్టేషన్ పేరు రాసేవారు కాబట్టి అభిమానం లెక్కకొచ్చేది. ఆ లెక్క కట్టే కంపెనీ ఆర్బిట్రాన్ నడుముకు పెట్టుకునే మీటరు తెచ్చాక నిమిషాలే లెక్క. నల్లజాతి శ్రోతల నమూనా సరిగ్గా లేదంటూ 2008లో న్యూయార్క్, న్యూజెర్సీ అటార్నీ జనరళ్లు దావా వేశారు.

ఇక చట్టాలు. మైనారిటీలకు స్టేషన్ అమ్మితే పన్ను వాయిదా వేసుకునే వెసులుబాటు 1978లో వచ్చింది, 1995లో కాంగ్రెస్ తీసేసింది. మరుసటేడు టెలికమ్యూనికేషన్స్ చట్టం దేశవ్యాప్త పరిమితి ఎత్తేసి, పెద్ద ఊళ్లలో ఒక్క కంపెనీ 8 స్టేషన్లదాకా నడపడానికి వీలిచ్చింది. ఎనిమిది స్టేషన్లవాడు ప్రకటనను కలిపి చవగ్గా అమ్మితే ఒంటరి స్టేషన్ ఏం చేస్తుంది?

ఏఎం స్టేషనైతే నేల కూడా శత్రువే. 1000 కిలోహెర్ట్జ్ స్టేషన్ తీసుకోండి: తరంగం పొడవు 300 మీటర్లు, పావు తరంగం టవరు 75 మీటర్లు. దాని అడుగున చక్రం ఆకుల్లా 120 రాగి తీగలు, ఒక్కోటి 75 మీటర్లు, మట్టిలో పరిచి ఉంటాయి. అంటే 9 కిలోమీటర్ల రాగి, నాలుగెకరాలకు పైగా నేల, అదీ ఒక్క టవరుకే. ఊరు పెరిగి ఆ నేల ధర లైసెన్సు ధరను మించితే యజమాని ఏం అమ్ముతాడో చెప్పక్కర్లేదు. రాగి దొంగలు తీగలు తవ్వుకుపోతే ప్రసార శక్తి నేలలోనే వృథా అవుతుంది. బాగుచేయించే డబ్బు లేక మూసేసినవాళ్లూ ఉన్నారు.

ప్రశ్న: పేటవాళ్లే కలిసి చిన్న ఎఫ్ఎం పెట్టుకోవచ్చా? ఆన్‌లైన్‌లో ట్రాన్స్‌మిటర్లు చవగ్గా దొరుకుతున్నాయి.
— ఒక విద్యార్థి, మసాచుసెట్స్

జవాబు: ఆ ట్రాన్స్‌మిటర్ కొనకండి. లైసెన్సు లేకుండా అనుమతించే బలం సుమారు 60 మీటర్ల దూరానికి సరిపోతుంది, అంతే. దాటితే జరిమానా: 2020లో పైరేట్ చట్టం వచ్చినప్పుడే అది రోజుకు లక్ష డాలర్ల వరకు, మొత్తం 20 లక్షల వరకు, తర్వాత ఇంకా పెరిగింది. ఇంటి యజమానికీ నోటీసు వెళ్తుంది. మీ బాస్టన్‌లోనే, నల్లజాతి శ్రోతలు ఇష్టంగా వినే టచ్ 106.1ను లైసెన్సు లేదని 2014లో మూసేశారు. అంతకుముందు 2011లో డబ్ల్యూఐఎల్‌డీ 1090 ఏఎం ప్రసార సమయం చైనా రేడియోకు అద్దెకు పోయింది. ఆ ఖాళీలో శ్రోతలు ఎక్కడికి వెళ్లాలన్న వేదన న్యాయమైనదే. కానీ ఒకసారి లైసెన్సు లేకుండా ప్రసారం చేసినవాళ్లు తక్కువశక్తి ఎఫ్ఎం లైసెన్సుకు అనర్హులవుతారు. ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది.

ఆ దారి పేరు ఎల్‌పీఎఫ్ఎం. లాభాపేక్ష లేని స్థానిక సంస్థలకే ఇస్తారు. 100 వాట్లు, 30 మీటర్ల యాంటెనా ఎత్తు, సుమారు 5.6 కిలోమీటర్ల వ్యాసార్ధం. యాంటెనా ఎత్తు పెంచితే దూరం పెరుగుతుందని అందరూ అనుకుంటారు. కానీ ఎత్తు పెరిగిన కొద్దీ అనుమతించే శక్తి తగ్గిస్తారు: 100 మీటర్ల దగ్గర సుమారు 9 వాట్లే. కాబట్టి కొండ మీద కన్నా పేట మధ్యలో మేడ మీద పెట్టడమే తెలివి. సంస్థ కార్యాలయం పెద్ద ఊళ్లలో యాంటెనాకు 10 మైళ్లలోపు, మిగతా చోట్ల 20 మైళ్లలోపు ఉండాలి.

చిక్కు ఏమిటంటే దరఖాస్తులు ఎప్పుడూ తీసుకోరు. 2013లో, 2023 డిసెంబరులో తీసుకున్నారు. ఊళ్లో రెండేళ్లుగా ఉన్న సంస్థకు అదనపు పాయింటు వస్తుంది కాబట్టి, ప్రకటన కోసం ఎదురుచూడకుండా సంస్థను ఇప్పుడే రిజిస్టర్ చేయించండి. అంతవరకు, ఇప్పటికే ఉన్న ఎల్‌పీఎఫ్ఎం ఏదైనా గంటలు నింపుకోలేక ఇబ్బంది పడుతుంటే సమయం అడగండి. వారానికి కనీసం 36 గంటలు ప్రసారం చేయాలి, చాలా చిన్న స్టేషన్లకు అదే భారం.

లైసెన్సు వస్తే కొనాల్సినవి: ఎఫ్‌సీసీ ధ్రువీకరించిన ట్రాన్స్‌మిటర్, అత్యవసర హెచ్చరికల డీకోడర్, యాంటెనా, మంచి కేబులు. కేబుల్లో పొదుపు చేయకండి, సన్న కేబుల్లోనే సగం శక్తి పోతుంది. ప్రకటనలు నిషిద్ధం. 'ఫలానా బేకరీ సహకారంతో' అనవచ్చు, 'రండి, కొనండి, ధర ఇంత' అనకూడదు.

ప్రశ్న: స్టేషన్ పెట్టిన చోట గరగర తప్ప ఏమీ లేదు. పోయినట్టేనా?
— ఒక పాఠకురాలు, అలబామా

జవాబు: ఇంకా కాదు. ప్రసారం ఆగితే 10 రోజుల్లో ఎఫ్‌సీసీకి తెలపాలి, 30 రోజులు దాటితే అనుమతి తీసుకోవాలి. వరుసగా 12 నెలలు మూగగా ఉంటే లైసెన్సు దానంతటదే రద్దవుతుంది. అందుకే కొందరు ఏడాది నిండబోతుండగా ఒక రోజు ప్రసారం చేసి మళ్లీ ఆపేస్తారు. ఆగిన తేదీ రాసి పెట్టుకోండి, లైసెన్సు పునరుద్ధరణ సమయంలో ప్రశ్నించడానికి పనికొస్తుంది. లైసెన్సు గడువు 8 ఏళ్లు.

ప్రశ్న: స్టూడియో ఖాళీ చేస్తూ పాత టేపు చక్రాలు చెత్తలో వేయబోతున్నారు. తీసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, టెనెస్సీ

జవాబు: యజమాని నుంచి రాతపూర్వకంగా బహుమతి పత్రం తీసుకుని తెచ్చుకోండి. అందులో టేపుతో పాటు స్టేషన్ సొంత కార్యక్రమాల హక్కులూ రాయించండి, లేకపోతే టేపు మీది, మాట వాళ్లది అవుతుంది. పాటల హక్కులు వేరు. మొదట కాపాడాల్సినవి ఇంటర్వ్యూలు, వార్తలు, ఫోన్ కార్యక్రమాలు.

తెచ్చిన వెంటనే ఆడించకండి. చక్రాన్ని వెలుతురుకు పట్టుకుని చూడండి. చుట్టల్లోంచి కాంతి కనిపిస్తే అది అసిటేట్ ప్లాస్టిక్ టేపు, కనిపించకపోతే పాలిస్టర్ టేపు. 1970, 80ల నాటి, వెనక నల్లపూత ఉన్న పాలిస్టర్ టేపులు జిగురు కక్కి టేపు ప్లేయర్ హెడ్డుకు అంటుకుంటాయి. వాటిని నిపుణులు సుమారు 54 డిగ్రీల సెల్సియస్ వద్ద గంటల తరబడి ఆరబెట్టి, ఆ తర్వాత కాపీ చేస్తారు. అసిటేట్‌ను అలా ఎప్పుడూ వేడి చేయకూడదు, పాడైపోతుంది. వెనిగర్ వాసన వస్తే దాన్ని మిగతావాటి నుంచి వేరుగా పెట్టండి. చక్రాలను నిలబెట్టి ఉంచాలి, పడుకోబెట్టకూడదు. డబ్బా మీద రాసిన తేదీ, డీజే పేరు ఫొటో తీయండి. బ్లూమింగ్టన్‌లోని ఇండియానా విశ్వవిద్యాలయంలో ఆఫ్రికన్ అమెరికన్ సంగీత, సంస్కృతి ఆర్కైవ్ ఉంది. నల్లజాతి రేడియో సామగ్రి అక్కడ భద్రపరుస్తారు. రాసేటప్పుడు ఎన్ని చక్రాలు, ఏ సైజు, ఏ ఏళ్లవి అన్నది మొదటి ఉత్తరంలోనే చెప్పండి.