కొత్త సెక్రటరీకి మామయ్య ఉత్తరం

అల్లుడూ,

ప్రభువు నామంలో శుభాలు. గుడి వ్యవహారాలు చూసే పాస్టరేట్ కమిటీకి సెక్రటరీగా నిన్ను ఎన్నుకున్నారని అక్క ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. ఆ వెనకే నువ్వు పెట్టిన మెసేజ్ మాత్రం నాకు నచ్చలేదు. "ఇంకో పదేళ్లకు మన గుడికి తాళమే మామయ్యా, యూత్ అంతా పెద్ద పెద్ద చర్చిలకు పోతున్నారు" అన్నావు. అంత టెన్షన్ దేనికి? ముందు సంఘం రిజిస్టరు తియ్యి.

ఒకప్పుడు సికింద్రాబాద్‌లో నడిచి గుడికొచ్చిన కుటుంబాలు ఇప్పుడు ఎక్కడున్నాయో చూడు. అల్వాల్, కొంపల్లి, మేడ్చల్, మియాపూర్. ఇల్లు కొన్నది అక్కడ, ఉద్యోగం గచ్చిబౌలిలో, సభ్యత్వం మాత్రం ఇక్కడ. ఉన్న ఒక్క సెలవు రోజున పిల్లల్ని తయారుచేసుకుని పొద్దున ఎనిమిదింటికల్లా ఇంత దూరం రావాలంటే ఎవరికైనా కష్టమే. దగ్గర్లో ఉన్న ఏదో ఒక చర్చికి వెళ్తున్నారు, మనం వాళ్లను "జారిపోయినవాళ్లు" అంటున్నాం. ఏరియాలవారీగా పేర్లు రాసి, నెలకోసారి అక్కడే గృహ కూడిక పెట్టించు. అన్నిచోట్లకూ పాస్టరయ్యగారొక్కరే తిరగలేరు, పెద్దలు ఇద్దరిద్దరుగా వెళ్లాలి. వెళ్లేటప్పుడు చందా పుస్తకం మాత్రం తీసుకెళ్లొద్దు. బాకీ వసూలుకు వచ్చారనుకుంటే రెండోసారి తలుపు తియ్యరు.

గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గరి హెబ్రోను ప్రార్థనా మందిరంలో సువార్తికుడు భక్తసింగ్ గారు పెట్టిన అలవాటు ఒకటుంది. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ కూర్చుని కలిసి తింటారు, ప్రేమ విందు అంటారు దాన్ని. మనవాళ్లేమో ఆశీర్వాదం పూర్తయ్యేలోపే జేబులో బండి తాళాలు వెతుక్కుంటారు. నెలకొక్కసారైనా అన్నం, పప్పు, ఒక కూర పెట్టించు. కొత్తగా వచ్చినవాళ్ల పేరేంటో, ఊరేంటో అక్కడే తెలుస్తుంది. వంట మొత్తం గుడిలో ఆడవాళ్ల సంఘం స్త్రీల మైత్రి మీద పడెయ్యకు, మగవాళ్లు గరిటె పడితే ఏమీ కాదు.

నన్నడిగితే, యూత్ కంటే సండే స్కూల్ పిల్లల గురించే ఎక్కువ ఆలోచించాలి. అందరూ ఇంగ్లిష్ మీడియమే. మన తెలుగు బైబిల్లో భాష పాతది, పెద్దవాళ్లకే కొన్నిచోట్ల నాలుక తిరగదు. మొన్న మట్టలాదివారం ఒక పిల్ల పాఠం చదివింది గుర్తుందా? కాగితం మీద తెలుగు వాక్యాలన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకొచ్చింది. "గాడిద" దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని మళ్లీ మొదలుపెట్టింది. వెనక బెంచీలో ఇద్దరు పెద్దమనుషులు నవ్వారు. ఆ పిల్ల మళ్లీ పాఠం చదవడానికి రాలేదు. చదవాల్సిన భాగం బుధవారానికే ఇచ్చెయ్యి, ఇంట్లో నాయనమ్మ దగ్గర నేర్చుకుని వస్తారు. గిటారా, హార్మోనియమా అన్న గొడవలో మాత్రం తలదూర్చకు. రెండూ ఉండనీ.

"లెక్కల్లో కూడా తగ్గిపోతున్నాం" అని జనాభా లెక్కలు పంపావు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 2001లో 1.55 శాతం, 2011లో 1.34 శాతం. నిజమే, కానీ ఆ అంకెలు చూసి బెంచీలు లెక్కపెట్టలేం. గుడికొచ్చేవాళ్లంతా కాగితాల్లో క్రైస్తవులని రాయించుకోరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, మనల్ని చేర్చలేదు. మన దగ్గర వాళ్లు బీసీ-సీ కిందికి వస్తారు, దానికి ఉన్నది ఒక్క శాతం. పిల్లల చదువు, ఉద్యోగం ఆ కుల సర్టిఫికెట్ మీదే ఆధారపడినప్పుడు ఏ ఇంట్లో ఎంత మథనపడతారో నీకు తెలియంది కాదు. బాప్తిస్మం రిజిస్టరులో పేరెందుకు లేదని మైకులో ఎవర్నీ నిలదియ్యనివ్వకు. ఆ ఇంట్లో ఎవరైనా మంచాన పడితే ప్రార్థనకు వెళ్లాల్సింది మనమే.

ఇక డబ్బు. కానుకలు ఆ పూటే ఇద్దరు లెక్కపెట్టి సంతకం చెయ్యాలి, మొత్తం నోటీసు బోర్డులో పెట్టాలి. క్యూఆర్ కోడ్ సంఘం ఖాతాకే ఉండాలి, ఎవరి సొంత ఫోన్‌కూ ఉండకూడదు. మన సంఘాల్లో మనుషులు విడిపోయింది సిద్ధాంతాల కోసం తక్కువ, లెక్కల కోసం, ఎలక్షన్లలో ప్యానెళ్ల కోసం ఎక్కువ. కొత్త బిల్డింగ్ అనగానే ఎవరో ఒకరు మెదక్ గుడి పేరెత్తుతారు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ చేసిన గుడి అది. కరువు రోజుల్లో జనానికి కూలి దొరకాలని మిషనరీ పోస్నెట్ దొర ఆ పని చేయించాడని కూడా వాళ్లకు గుర్తుచెయ్యి. మన కమిటీలో ఎల్ఈడీ స్క్రీన్ కావాలంటున్నవాళ్లను ముందు వాచ్‌మన్ జీతం బకాయి తీర్చమను.

రిజిస్టరు పాత కాపీ నా దగ్గరుంది, శనివారం వచ్చి తీసుకెళ్లు. సమాధుల స్థలం ఖాతా సంగతి అప్పుడే మాట్లాడదాం, అది ఉత్తరంలో రాసేది కాదు.

మామయ్య