కోసిన టైము రాసుకో

చిట్టీ,

బెంగళూరులో క్యాన్సర్ ఆసుపత్రి ల్యాబ్‌లో నీకు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. పెరంబూర్‌లో మా వీధంతా చెప్పుకొచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఇక్కడ చెన్నైలో 30 ఏళ్ళు అదే పని చేశాను, ఎక్కడ కాలు జారుతుందో తెలిసినదాన్ని కదా.

గ్లవ్స్ వేసుకో. ముక్కలు పాడవకుండా వేసే ఫార్మలిన్ దగ్గర గాలి ఆడేలా చూసుకో. ముక్కని మైనంలో పొదిగిన బ్లాకు మీద నంబరు రెండుసార్లు చదువు. ఇవి కాలేజీలోనే చెప్పుంటారు.

ఎవరికీ చెప్పనిది ఒకటి చెప్తాను. ఒక శనివారం సాయంత్రం ఆపరేషన్ థియేటర్ నుంచి రొమ్ము గడ్డ వచ్చింది. గూడూరులో పెళ్ళి, సెంట్రల్‌లో రైలుకి టైమైపోతోంది. గడ్డని చీల్చకుండా, డబ్బాలో ఉన్న కాస్త ఫార్మలిన్‌లోనే వదిలేసి పరిగెత్తాను. సోమవారం కోస్తే అంచు గట్టిపడి బూడిదరంగులో ఉంది. నడుమ మాత్రం మెత్తగా, ఎర్రగా, పచ్చిగానే ఉంది. ఫార్మలిన్ చాలా నిదానంగా ఇంకుతుంది, అది అందేలోపు లోపలి ప్రొటీన్లు పాడైపోతాయి. నాకది తెలుసు. తిడతారని డాక్టరుగారికి చెప్పలేదు.

ఈఆర్ నెగెటివ్ అని, అంటే ఈస్ట్రోజన్ హార్మోన్‌ని అందుకునే ప్రొటీన్ ఆ గడ్డలో లేదని రిపోర్టు వెళ్ళింది. ఆ ప్రొటీన్ ఉంటే గోధుమరంగు పడుతుంది. స్లైడులో గడ్డ పక్కనున్న మామూలు పాల నాళాల్లో కూడా ఒక్క గోధుమరంగు చుక్క లేదు. అక్కడ కొన్ని కణాలైనా రంగు పట్టాలి. పట్టలేదంటే ఆ రిపోర్టుని నమ్మకూడదు. అదీ చూశాను, నోరు విప్పలేదు.

8 నెలల తర్వాత ఆవిడ వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆపరేషన్‌కి ముందు సూదితో తీసిన ముక్క తెమ్మన్నారు. దాని మీద చూస్తే ఈఆర్ బాగా పాజిటివ్. ఆ హార్మోన్‌ని అడ్డుకునే టామాక్సిఫెన్ మాత్రలు అప్పుడు మొదలయ్యాయి. ఆ బ్లాకు కోసం ఆవిడే వచ్చింది. నా చేతిలోంచి అందుకుని "థాంక్సమ్మా" అంది. ఇప్పటికీ ఆ గొంతు వినిపిస్తుంది.

ఈఆర్ పాజిటివ్ జబ్బు మందుకి లొంగుతుంది కానీ, పొంచి ఉంటుంది. 5 ఏళ్ళు మాత్రలు వాడి ఆపేశాక కూడా, 20 ఏళ్ళ వరకూ తిరిగి రావచ్చు. అందుకే కొందరికి 10 ఏళ్ళు ఇస్తారు. ఈఆర్‌తో పాటు ఇంకో హార్మోన్ ప్రొటీనూ, హెర్‌2 అనే ప్రొటీనూ కనబడని ట్రిపుల్ నెగెటివ్‌కి భయమంతా ఎక్కువగా మొదటి అయిదేళ్ళలోనే. హెర్‌2 మూడు ప్లస్, అంటే గడ్డని వేగంగా పెంచే ఆ ప్రొటీన్ మరీ ఎక్కువగా ఉందంటే, ఒకప్పుడు గుండె జారిపోయేది. 1998లో అమెరికాలో దాన్ని అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ మందుకి అనుమతి వచ్చాక ఆ దిగులు చాలా తగ్గింది. రెండు ప్లస్ వస్తే మాత్రం అటో ఇటో అనుకోవద్దు, హెర్‌2 జన్యువు కాపీలు లెక్కపెట్టే ఫిష్ పరీక్ష కావాలి. నీ ట్రేలో పట్టిన రంగుని చూసే ఒకావిడకి ఏ మందు, ఎన్నేళ్ళు అన్నది తేలుస్తారు.

గడ్డ తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి, అదీ గడ్డకి పదింతలు. అందులో 6 గంటలకి తగ్గకుండా ఉండాలి, 72 దాటకూడదు. తీసిన టైము, వేసిన టైము నీ చేత్తో రాయి. బయట ఊళ్ళ నుంచి ఫార్మలిన్ బదులు సెలైన్ ఉప్పునీళ్ళలో పంపిస్తే ఆ సంగతీ రాసి డాక్టరుకి చూపించు.

తప్పు జరిగితే ఆ నిమిషంలోనే చెప్పెయ్, తిడితే తిట్టనీ. తర్వాత నాకు ఫోన్ చెయ్యి తల్లీ, ఎంత రాత్రయినా ఎత్తుతాను.

శనివారం డ్యూటీ పడితే సాయంత్రం రైలుకి టికెట్టు తీసుకోకు. మనవాళ్ళ పెళ్ళిళ్ళకి నీ బదులు నేను వెళ్ళొస్తాను.

మీ పెద్దమ్మ